మాస్టారు కుట్టనన్న గౌను

లైబ్రరీలో నిచ్చెనెక్కి పై అరలో పుస్తకాలు సర్దుతుంటే లైబ్రేరియన్ లంగా నడుము మీంచి జారబోయింది.

ఒక చేత్తో పుస్తకం, ఇంకో చేత్తో లంగా పట్టుకుని ఆమె పకపకా నవ్వేసింది. పుట్టి బుద్ధెరిగాక ఆమెకు ఏ బట్టా వదులవలేదు మరి.

ఆ ఏడాదంతా ఆమెకు కలలో ఉన్నట్టే ఉంది. నడుస్తుంటే కాళ్లు నేలకు ఆనుతున్నట్టే ఉండేది కాదు. దుకాణాల అద్దాల్లో కనబడే సన్నటి మనిషిని చూసి ఎవరబ్బా అనుకుని, తనేనని తెలిసి సిగ్గుపడేది.

మొదట్లో పొద్దున్నే నడిచింది, తీపి మానేసింది. తర్వాత నడక అటకెక్కింది, తీపి మళ్లీ నోటికెక్కింది. అయినా ఒళ్లు తగ్గుతూనే ఉంది. అడగకుండా దొరికిన వరం అనుకుంది.

చిక్కల్లా బీరువా నిండా ఉన్న పాత బట్టలతోనే. పారేయడానికి చేతులు రాలేదు. ఎవరికైనా ఇచ్చేద్దామంటే ఒక్కో గౌనుకూ ఒక్కో జ్ఞాపకం. ఇద్దరం కలిసి ఒక్కదాంట్లో దూరొచ్చని వాళ్లాయన ఆటపట్టించాడు. చివరికి అన్నీ మూటగట్టి, వీధి మలుపులో మెట్ల కింద మిషను పెట్టుకున్న ముసలి దర్జీ దగ్గరికి మోసుకెళ్లింది.

ఆయన్ని అందరూ మాస్టారు అంటారు. మాట తక్కువ మనిషి. మధ్యాహ్నం ఎండ మెట్ల సందుల్లోంచి చారలు చారలుగా పడుతుంటే, అందులో నూలు పోగుల నుసి మెల్లగా తేలుతూ ఉండేది. అక్కడ నిలబడి కొలతలిస్తుంటే ఆమెకు హాయిగా కళ్లు మూతలు పడేవి.

మొదటిసారి ఆయన పక్కకుట్లు బిగించి ఇచ్చాడు. రెండు నెలలకు అవే బట్టలు మళ్లీ వదులయ్యాయి. మళ్లీ బిగించాడు. ఇంక నేను లావయ్యేది లేదు, మిగిలిన గుడ్డ కత్తిరించెయ్యండని ఆమె ఎంత చెప్పినా వినకుండా లోపలికే మడిచి కుట్టేవాడు.

మూడోసారి ఆమె నీలం గౌను ఒక్కటే తెచ్చింది. ఆ శనివారం బడిలో కలిసి చదివినవాళ్లంతా కలుస్తున్నారు. తనను గుమ్మడికాయ అని పిలిచిన నోళ్లన్నీ అక్కడుంటాయి. ఇరవై ఏళ్లుగా ఆమె కలగన్న రోజు అది.

మాస్టారు నడుం చుట్టూ టేపు తిప్పి, కొలతల పుస్తకంలో పాత అంకెలు చూశాడు. మళ్లీ కొలిచాడు. టేపు చుట్టి పక్కన పెట్టేశాడు.

"నువ్వు తగ్గించుకుంటున్నావా అమ్మా, దానంతటదే తగ్గుతోందా?"

ఇప్పుడేం చెయ్యకుండానే తగ్గుతున్నానని ఆమె గొప్పగా చెప్పింది.

"అయితే నేనిది కుట్టను. డాక్టరుకు చూపించుకుని, ఆ కాగితం తెచ్చి చూపించు. అప్పుడే గౌనిస్తాను."

ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు. గౌను మడిచి చెక్కపెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. కుట్టమంటే వైద్యం చెబుతాడేమిటని వీధంతా వినేలా అరిచింది. ఒకరు బాగుంటే ఓర్వలేని కళ్లు మీవని తిట్టింది. ఆయన తలొంచుకుని చేతిలో పని చూసుకుంటూ ఉండిపోయాడు.

అంతటితో ఊరుకోలేదు. ఆ మెట్ల కిందికి ఎవరూ పోవద్దని లైబ్రరీకి వచ్చినవాళ్లందరికీ చెప్పింది. కొందరు నిజంగానే పోవడం మానేశారు.

శుక్రవారం డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఏ జబ్బూ లేదని రాయించుకుని ఆ కాగితం మాస్టారి మొహాన కొట్టాలని.

ఎన్నాళ్లలో ఎంత తగ్గారని డాక్టరమ్మ అడిగింది. ఆమె దర్జాగా లెక్క చెప్పింది. డాక్టరమ్మ రాస్తున్న కలం కింద పెట్టి, ఆమె కళ్లలోకి చూసింది.

శనివారం స్నేహితులంతా కలిసే వేళకు ఆమె ఆసుపత్రి మంచం మీద ఉంది. కడుపులో గడ్డ. ఇంకో మూడు నెలలు ఆగి వచ్చుంటే మా చేతుల్లో ఉండేది కాదని వాళ్లాయనతో డాక్టరమ్మ అంటుంటే, ఆమెకు మెట్ల సందుల్లోంచి పడే ఎండ కళ్ల ముందు మెదిలింది. తనెంత మాటన్నదో తలుచుకుని సిగ్గుతో చచ్చిపోయింది.

తర్వాత ఏడు నెలలు నిద్రకీ మెలకువకీ మధ్యనే గడిచాయి. కిటికీలో ఆకాశం రంగులు మారేది. ఎవరో వచ్చేవారు, నుదురు నిమిరేవారు, వెళ్లేవారు. మెల్లమెల్లగా ఆకలి తిరిగొచ్చింది. బుగ్గలు నిండాయి. ఒకరోజు మంచం దిగితే నేల చల్లగా, గట్టిగా కాళ్లకు తగిలింది. అద్దంలో గుమ్మడికాయ మళ్లీ పలకరిస్తే సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

ఒంట్లో సత్తువ రాగానే మలుపు దగ్గరికి బయల్దేరింది. ఏమని క్షమించమనాలో దారంతా మాటలు కూడబలుక్కుంది.

మిషను ముందు మాస్టారు లేడు. ఆయన కూతురు కాజాలు కుడుతోంది. నాన్న పోయి నెల దాటిందని చెప్పింది. నీలం గౌను తనదని ఆమె చెప్పకముందే పోల్చుకుని పెట్టె తెరిచింది. ఆమె వచ్చిందా, కాగితం తెచ్చిందా అని ఆయన చివరిదాకా అడుగుతూనే ఉన్నాడట.

గౌను తిరగేసి చూస్తే, ఆయన అంతకుముందు బిగించిన కుట్లన్నీ విప్పేసి ఉన్నాయి. ఆమె దాన్ని గుండెకు హత్తుకుంది.

"డాక్టర్లకే అన్ని పరీక్షలు చేస్తే గానీ తెలియలేదు. ఆయన ఒక్క టేపుతో ఎలా కనిపెట్టారండీ?" అంది.

కూతురు సూది గుడ్డలో గుచ్చి ఆపింది.

"మా అమ్మ సన్నబడుతుంటే మురిసిపోయి, ఆరుసార్లు ఆవిడ జాకెట్లు బిగించి ఇచ్చింది ఆయనేనండీ, ఏడోసారి కొలత తీసుకుందామంటే మా అమ్మ లేదు."