టైలరమ్మ పోట్లాట

"ఆ కుట్టడం ఆపండి వదినా."

టైలరమ్మ ఆపలేదు. మిషను తొక్కుతూనే ఉంది. తెల్లటి శాటిన్ గుడ్డ సూది కింద నుంచి జారి ఆమె ఒళ్లో కుప్పపడుతోంది.

గుమ్మంలో నిలబడ్డవాడు చర్చిలో సంఘపెద్ద. ఆ పెళ్లిబట్టలు కట్టుకోబోయే పిల్ల మొదటి మొగుడికి స్వయానా చిన్నాన్న. ఆదివారం కానుకల సంచి పట్టుకుని తిరిగేటప్పుడు మొహం ఎలా పెడతాడో, ఇప్పుడూ అలాగే పెట్టాడు.

"మావాడు పోయి ఏడాదైనా నిండలేదు. అప్పుడే ఆ పిల్లకి రెండో పెళ్లేమిటి? నలుగురూ ఏమనుకుంటారు?"

మిషను ఆగింది.

"మీవాడా?" టైలరమ్మ ఒక్క ఉదుటున లేచింది. "ఏదీ, ఇంకోసారి అను! ఆసుపత్రిలో వాడి ఒళ్లు కాలిపోతున్నప్పుడు గుర్తురాలేదే మీవాడని? రక్తం కావాలని కబురు పెడితే నడుం నొప్పన్నావు. పోయాక మాత్రం అందరికన్నా ముందు నిలబడి కళ్లు తుడుచుకున్నావు. ఇప్పుడొచ్చి మావాడంటావా?"

"ఇంత కోపం పనికిరాదు వదినా. మనం విశ్వాసులం."

"నా విశ్వాసం సంగతి నేనూ దేవుడూ తేల్చుకుంటాం. నువ్వు ముందు నా కొట్టు దిగు."

ఆమె చేతిలో కత్తెర చూసి ఆయన దిగాడు.

దేవుడితో తేల్చుకోవడం అన్నది ఊరికే అన్న మాట కాదు. కుర్రాడు బతకాలని ఆమె మోకాళ్లు వాచేలా ప్రార్థన చేసింది. అయినా పోయాడు. ఆ రోజు నుంచి దేవుడితో మాటలు మానేసింది. చర్చికి వెళ్లడం మాత్రం మానలేదు. తను వస్తేనే పిల్ల గడప దాటేది మరి. వెనక బెంచీలో చేతులు కట్టుకుని కూర్చునేది. పాటకి నోరు విప్పేది కాదు. పాస్టరుగారు "ఆయన చిత్తం" అన్నప్పుడల్లా పళ్లు నూరేది.

పిల్ల పరిస్థితి మరీ ఘోరం. గోడకేసి తిరిగి పడుకుంటే ఇక పడుకున్నట్టే. ఒకరోజు మంచినీళ్లు కూడా వద్దని తల తిప్పేసింది.

టైలరమ్మకి ఒళ్లు మండిపోయింది. పిల్ల మీద కాదు. కొట్లోకొచ్చి, తలుపు మూసి, పైకి చూసి గొంతు చించుకుంది.

"వాణ్ణి తీసుకుపోయావు. నాకు నీ ఓదార్పూ వద్దు, నీ దీవెనలూ వద్దు. ఈ పిల్లేం చేసింది నిన్ను? దీన్నైనా లేపు! లేపకపోయావో, మళ్లీ నీ గుమ్మం తొక్కితే ఒట్టు!"

అరిచాక గాని తెలిసిరాలేదు, ఇన్నాళ్లకి ఆయనతో మాట్లాడానని. అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

ఆకాశమేమీ బద్దలవలేదు. కొన్నాళ్లకి మాత్రం పిల్ల తనంతట తానే కొట్లోకొచ్చింది. స్టూలు లాక్కుని కూర్చుని, ఒక చొక్కాకి గుండీలు కుట్టడం మొదలెట్టింది. అన్నీ వంకరే.

"ఇంత ఆలస్యమా?" అని పైకి చూసి గొణిగింది టైలరమ్మ. కోపంగానే స్తోత్రం చెప్పింది.

ఆ చొక్కా ఎలక్ట్రీషియనుది. చర్చిలో మైకులు చూసేది అతనే. నా అన్నవాళ్లు లేరు. వంకర గుండీలు చూసి టైలరమ్మ విప్పబోతే అడ్డుపడ్డాడు.

"ఉండనివ్వండి. గాలి ఆడుతుంది."

పిల్ల ఫక్కున నవ్వింది.

టైలరమ్మ గబగబా లోపలికెళ్లింది. కుళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో చాలాసేపు ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని, పెళ్లి మాట ఎత్తింది కూడా ఆమే. పిల్ల వద్దంటే కసిరింది.

"పోయింది వాడు. నువ్వు కాదు. తెలిసిందా?"

సంఘపెద్ద ఊరుకోలేదు. పాస్టరుగారి దగ్గర పంచాయితీ పెట్టాడు. పాస్టరుగారు నసిగాడు.

"ఇంకో ఏడాది ఆగితే ఏం పోతుంది?"

"పిల్ల పోతుంది!" టైలరమ్మ బల్ల మీద చరిచింది. "గోడకేసి తిరిగి పడుకున్నదాన్ని మీరు చూశారా? నేను చూశాను. 'మరణం వేరుచేసే వరకు' అని ఇద్దరి చేతా ప్రమాణం చేయించింది మీరే కదా? వేరుచేసింది. పిల్ల ఆఖరి క్షణం దాకా మాట నిలబెట్టుకుంది. అక్కడితో ప్రమాణం తీరిపోయింది. ఇంకా ఆగాలంటే ఆ మాట వాక్యంలో ఎక్కడుందో చూపించండి, నోరు మూసుకుని పోతాను."

పాస్టరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఏ రోజు పెట్టుకుందాం?" అన్నాడు చివరికి.

సంఘపెద్ద కుర్చీ వెనక్కి నెట్టి వెళ్లిపోయాడు. పెళ్లికీ రాలేదు.

పిల్లని చెయ్యి పట్టుకుని చర్చిలోకి నడిపించింది టైలరమ్మే. గుసగుసలాడిన బెంచీలకేసి గుడ్లురుముతూ నడిపించింది. పాట మొదలవగానే నోరు విప్పింది. రాగం లేదు, తాళం లేదు. పాడుతోందో పోట్లాడుతోందో తెలియనంత గట్టిగా, కళ్లు మూసుకుని, చివరి చరణం దాకా పాడింది.

అంతా అయ్యాక పెళ్లికొడుకు మెల్లగా ఆమె దగ్గరికొచ్చాడు.

"ఇన్నాళ్లూ టైలరమ్మగారూ అన్నాను. ఇక నుంచి అత్తయ్యా అని పిలవాలేమో కదండీ?"

ఆమె మొహం జేవురించింది. అతను భయపడి ఒకడుగు వెనక్కి వేశాడు.

"అత్తయ్యా అనడానికి నాకు నీ పెళ్లాం ఉందిరా, నా కొడుకు పోయినప్పటి నుంచి అమ్మా అని పిలిచేవాళ్లే లేరు, చేతనైతే అలా పిలువు!"