ఇన్‌స్పెక్టరుకు టీ లేదు

గేటు బయట ముసలాయన చాలాసేపటి నుంచి నిలబడి ఉన్నాడు.

ఉన్ని టోపీ, ఉతికి ఇస్త్రీ చేసిన కోటు. చేతులు వెనక్కి కట్టుకుని, తలెత్తి ఇంటి పైకప్పు వంకే చూస్తున్నాడు.

"వచ్చాడు మహానుభావుడు," అనుకుంది రేవిన్, వంటగది కిటికీలోంచి.

కొత్త పొగగొట్టం పని తనిఖీకి ఊరి కౌన్సిల్ ఇన్‌స్పెక్టర్ ఇవాళ వస్తారని కూతురు బ్రయర్ ముందే చెప్పింది.

పైకప్పు మీద ఉన్నది ఆ బ్రయరే. రేకుకు గుండ్రంగా కోసిన కంతలోంచి స్టీలు గొట్టాన్ని పైకి లాగి నిలబెడుతోంది. కింద హాల్లో కొత్త కట్టెల పొయ్యి సిద్ధంగా ఉంది. లైసెన్సు వచ్చాక ఎవరి తోడూ లేకుండా బ్రయర్ చేస్తున్న మొదటి పని ఇది. ఇన్‌స్పెక్టరు సంతకం పడితే సొంత పేరు మీద పనులు పట్టుకోవచ్చు. తప్పు పడితే మళ్లీ ఎవరి కిందో చాకిరీ.

ఈ ఇంటికి పొగగొట్టం లేక ఏళ్లయింది. క్రైస్ట్‌చర్చ్ నగరాన్ని కుదిపేసిన ఆ భూకంపంలో, పాత ఇటుకల పొగగొట్టం కప్పు చీల్చుకుని హాల్లో కూలింది. పాలపళ్లైనా ఊడని బ్రయర్ దాని కింద పడిపోయింది. రోడ్డున పోయే ఎవరో మనిషి పరుగెత్తుకొచ్చి, ఉత్త చేతులతో ఇటుకలు తోడి పిల్లను బయటికి లాగాడు. మనిషంతా ఎర్రటి దుమ్ము, ముఖం కూడా ఆనవాలు తెలియలేదు. తల్లీకూతుళ్లను ఎవరిదో కారెక్కించి, పక్కింట్లో కేకలు వినబడితే అటు పరుగెత్తాడు.

రేవిన్ ఆయన కోసం వెతకని చోటు లేదు. పేపర్లో వేయించింది, రేడియోలో చెప్పించింది. ఒక్కసారి ఆయన చేతులు పట్టుకుని కృతజ్ఞత చెప్పుకోకపోతే తన ప్రాణం కుదుటపడదని ఇప్పటికీ అంటుంది.

ఇటుకల కింద పడ్డ పిల్ల ఇవాళ ఊళ్లో పొగగొట్టాలు నిలబెడుతోంది. ఆ మాట చెప్పుకోవడానికి రేవిన్‌కు రోజూ ఎవరో ఒకరు దొరకాలి.

ఆమె వరండాలోకి వచ్చింది. బల్ల మీద ఇప్పుడే ఓవెన్లోంచి తీసిన వేడి వేడి స్కోన్లు, కెటిల్ నిండా టీ ఉన్నాయి. ఆ వీధిలో టీ వేళకు గేటు దగ్గర ఎవరు కనిపించినా పిలిచి కప్పు చేతిలో పెట్టాల్సిందే. మీటరు రీడింగుకి వచ్చినవాణ్ణి కూడా వదలరు.

"కియ ఓరా, అమ్మా," అని అక్కడి మాటలో పలకరించాడు ముసలాయన. "పైనున్నది మీ అమ్మాయేనా?"

"నా కూతురే. ఏం, ఆడపిల్ల పెడితే గొట్టం నిలబడదా?"

"అయ్యో, నేనలా అన్లేదు. చూడముచ్చటగా ఉందంటున్నా."

"పిల్లని కాదండీ, గొట్టాన్ని చూడండి. చెక్కకీ గొట్టానికీ మధ్య ఎంత ఎడం వదిలిందో కొలుచుకోండి."

"నాకవన్నీ ఏం తెలుస్తాయమ్మా."

"అందరూ ఇలాగే అంటారు. తర్వాత పేజీలకు పేజీలు రాసి పారేస్తారు."

ఆయన నవ్వాడు. "అసలు నేనెందుకొచ్చానంటే..."

"ఎందుకొచ్చారో నాకు తెలుసు లెండి."

ఆయన చూపు బల్ల మీదకు పోయింది. "స్కోన్లు ఘుమఘుమలాడుతున్నాయి."

రేవిన్ చెయ్యి కప్పు దాకా వెళ్లి ఆగింది.

"ఏమనుకోకండి, మీకు టీ ఇవ్వను. తినిపించి సంతకం పెట్టించుకుందని రేపు నలుగురూ అంటే నా కూతురి పరువేం కాను? అది చెమటోడ్చి నేర్చుకుంది. పని చూసి ఒప్పుకోండి, లేదంటే తప్పులు రాసుకుపోండి."

ఆయనకు అర్థం కానట్టుంది. మళ్లీ పైకి చూశాడు. బ్రయర్ గొట్టానికి మూత బిగించి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"తప్పేం లేదమ్మా," అన్నాడాయన. "అంతా బాగుంది. నాకింకేం కావాలి?"

"ఆ ముక్కే కాగితం మీద పెట్టండి మరి."

వీధి చివర టాక్సీ హారన్ కొట్టింది. ఆయన టోపీ తీసి పైకప్పు వైపు ఊపాడు. బ్రయర్ కూడా చెయ్యి ఊపింది.

"ఎవరమ్మా ఆయన?" అని అడిగింది, ఆయన వెళ్లాక.

"ఇన్‌స్పెక్టరు. పాసయ్యావు పోవే. ఒక్క చుక్క టీ పొయ్యకుండా పాస్ చేయించా."

"నువ్వు టీ ఇవ్వలేదా? నువ్వా?"

మధ్యాహ్నం కౌన్సిల్ వ్యాన్ వచ్చి ఆగింది. జోసీ అనే అమ్మాయి కొలత టేపుతో దిగి, ఇన్‌స్పెక్షన్ అంది.

"పొద్దున మీ పెద్దాయన చూసి వెళ్లారుగా?" అంది రేవిన్.

"ఏ పెద్దాయన? ఈ పేటకంతా నేనొక్కదాన్నే."

జోసీ పైకప్పెక్కింది, అటక మీదికి దూరింది, అంతా కొలిచింది. పొయ్యి వెలిగిస్తే గదిలోకి పొగ చిన్నమెత్తు రాలేదు. "ఇంత శుభ్రమైన పని ఈమధ్య చూళ్లేదు," అంటూ సంతకం పెట్టింది.

రేవిన్ కళ్లు తుడుచుకుని కూతుర్ని గట్టిగా వాటేసుకుంది. సంతకం పడింది కాబట్టి జోసీకి ధైర్యంగా టీ పోసింది.

"పొద్దున వచ్చినాయనది ఉన్ని టోపీయేనా?" అంది జోసీ. "మా పక్కింటి హోహెపా అయ్యుంటాడు. మీరు అందరికీ చెప్పుకునే మీ అమ్మాయి సంగతి నిన్న మాటల్లో నేనే చెప్పా. ఊరొదిలి ఉత్తరాదిన తనవాళ్ల దగ్గరికి వెళ్లిపోతున్నాడు. ఈపాటికి విమానం లేచిపోయుంటుంది."

"వెళ్లే మనిషికి మా పొగగొట్టంతో ఏం పనమ్మా?"

జోసీ కప్పు కింద పెట్టింది.

"ఆయన బస్సు డ్రైవరండీ. భూకంపం రోజు ఈ వీధిలో బస్సాపి, ఇటుకలు తోడి తను బయటికి తీసిన పిల్ల బతికిందో లేదో అడిగే ధైర్యం లేక, ఆ వార్తల జోలికే పోలేక నిన్నటిదాకా కుమిలిపోయిన మనిషి."