నెమ్మదైన పేషెంటు

పొద్దుటి నుంచి వార్డులో నర్సుకి కాలు ఒకచోట నిలవలేదు. మూలమంచం ముసలాయన సెలైన్ సూది పీకేసి, రైలెక్కాలంటూ ఒకటే కేకలు. ఆయన్ని పట్టి పడుకోబెట్టి, పక్క మంచం దగ్గరికొచ్చి ఊపిరి పీల్చుకుంది.

"మీ అమ్మగారు బంగారమండీ. తుంటి ఆపరేషనయినా కిక్కురుమనడం లేదు," అంది, పక్కనే కూర్చున్న కూతురితో.

కూతురు నవ్వింది. "మా అమ్మా? ఈవిడ నోటికి వీధి వీధంతా హడల్. నిన్నటి నుంచే ఇలా. ఏం పెట్టినా తింటోంది, ఏమన్నా సరేనంటోంది."

నర్సు నవ్వలేదు. పెద్దావిడ మీదికి వంగింది.

"అమ్మా, ఇప్పుడు మనం ఎక్కడున్నాం?"

"నువ్వెక్కడంటే అక్కడేనమ్మా," అంది ఆవిడ, గోడకేసి చూసి చిరునవ్వు నవ్వుతూ.

"ఇది నెమ్మది కాదండీ, డెలీరియం. మతి చెదిరితే అందరూ అరవరు, కొందరు ఇలా అణిగిపోతారు. అరిచేవాళ్ళ వెంట పరిగెత్తుతూ నేనే చూసుకోలేదు. డాక్టర్ని పిలుస్తాను. కారణం దొరికితే మళ్ళీ మామూలు మనిషవుతారు."

కూతురు నర్సు చెయ్యి పట్టుకుని ఆపింది.

"పొద్దున నా తల నిమిరి, 'నా చిట్టితల్లే' అంది. నాకు బుద్ధి తెలిశాక ఇదే మొదటిసారి. అదీ జబ్బేనా?"

మూలమంచం మీంచి మళ్ళీ కేకలు. నర్సు అటు వెళ్ళలేదు, చెయ్యీ విడిపించుకోలేదు.

కూతురు చెయ్యి వదిలేసింది. "పిలవండి. తొందరగా పిలవండి."

నర్సు పరిగెత్తింది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, కూతురు మంచం మీదికి వంగి, తల్లి చేతిని తనే ఎత్తి తల మీద పెట్టుకుంటోంది.