ఎనిమిదో బిలం

శివకృష్ణ సారు మైకు ముందు గొంతు సవరించుకున్నాడు. వెనక తెర మీద ఎర్రగా కుజగ్రహం. ఆ పటంలో ప్రతి చుక్కా హేమలత పెట్టింది. కింద పేరు మాత్రం ఆయనది ఒక్కటే.

హిందూపురం కాలేజీ హాలు నిండిపోయింది. ముందు వరసలో బెంగళూరు నుంచి వచ్చిన శాస్త్రవేత్తలు. ఆఖరి వరసలో హేమలత. ఆమె పక్కన అవ్వ అక్కమ్మ, కొంగు నిండా పూల బుట్టాలతో తన చేత్తో నేసుకున్న పట్టుచీర కట్టుకుని కూర్చుంది.

కుజుడి మీద ఒకప్పుడు లావా కక్కిన బిలాలు లెక్కలేనన్ని ఉన్నాయి. ఉపగ్రహం తీసిన ఫోటోలు ఒక్కొక్కటీ చూసి, బిలం ఎక్కడుందో గుర్తు పెట్టి, అది గుంటా, పగులా, దిబ్బా అని తేల్చడం హేమలత పరిశోధన. ఏళ్ల తరబడి అదే పని. కళ్లజోడు రెండుసార్లు మారింది. గైడు శివకృష్ణ మాత్రం ఒక్క ఫోటో తెరిచిన పాపాన పోలేదు.

పటం పూర్తయిందో లేదో, ఆయన పేరుతో పెద్ద పత్రికలో అచ్చయింది. హేమలత వెళ్లి అడిగింది.

"నువ్వు చుక్కలు పెట్టావమ్మా. వాటికి అర్థం చెప్పింది నేను కదా?" అన్నాడాయన, టీ ఊదుకుంటూ.

ఆ రోజు నుంచి ఆమెకు తిన్నది ఒంటబట్టడం లేదు. ఈ మనిషి నలుగురి ముందు తలదించుకోవాలి. అది తన కళ్లతో చూడాలి. అంతే.

మారుతి ముందే హెచ్చరించాడు. అతను ఆమెకు సీనియరు. అతని పరిశోధన కూడా ఇలాగే సారు నోట్లో పడింది. నిలదీసినందుకు సీటు కూడా పోయి, ఇప్పుడు ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీలో పని చేసుకుంటున్నాడు. పెనుకొండ బస్టాండులో కనిపించినప్పుడల్లా ఒకటే పాట.

"ఆ యప్ప ముందర కంప్యూటరు తెరిచి పెట్టి పోవద్దు హేమా. కండ్లతోనే మింగేస్తాడు."

అంత చెప్పినా హేమలత కంప్యూటరు తెరిచిపెట్టే టీకి వెళ్లేది. ఇంత చదివిందానికి ఈ మాత్రం తెలివి లేదా అని మారుతి తల కొట్టుకున్నాడు.

ధర్మవరంలో అవ్వ వేరే కారణం చెప్పింది.

"దిష్టి తగిలింది పాపా. తప్పనేది పెట్టకుండా మన మగ్గం మింద నుంచి ఒక్క చీరన్నా దిగుతాదా? అంత పని చేసినావే, దిష్టికని యాడన్నా ఒక తప్పు పెట్టినావా? చదువుకోని అన్నీ మర్చిపోయినావు."

హేమలత మగ్గం మీది చీరను వేలితో తడుముతూ కూర్చుంది.

"నీకు రోషం లేదా?"

"ఉండాదవ్వా. నువ్వు నాతో హిందూపురం రా. నీ పట్టుచీర కట్టుకోని రా."

ఇప్పుడు సారు కొత్త స్లైడు వేశాడు. "ఇక నా అసలు ఆవిష్కరణ!" అంటూ పటంలో దక్షిణం మూలను పెద్దది చేశాడు. మధ్యలో ఒక పెద్ద బిలం. దాని చుట్టూ గుండ్రంగా చిన్న బిలాలు ఏడు. ఎనిమిదోది ఉండాల్సిన చోట ఖాళీ.

"ఇలాంటి అమరిక ఏ గ్రహం మీదా ఎవరూ చూడలేదు. అందుకే దీన్ని కొత్త తరగతిగా ప్రకటించాను. మరి ఎనిమిదో బిలం ఏమైంది? నిద్రాహారాలు మాని ఆలోచించాను. లావా పైకొచ్చే దారికి అక్కడ రాయి అడ్డుపడింది. ఇవిగో లెక్కలు."

తెర నిండా లెక్కలు. హాలంతా చప్పట్లు. అందరికన్నా గట్టిగా హేమలత కొట్టింది.

అవ్వ ఆమె తొడ మీద గిల్లింది. "నీ కష్టం తిన్నోనికి చప్పట్లా?"

అంటూనే తెర వైపు చూసి ఆగిపోయింది. కళ్లజోడు తుడిచి మళ్లీ పెట్టుకుంది. "పాపా, అది..."

"నన్ను అడగొద్దవ్వా. సారునే అడుగుదువులే, ఉండు."

ప్రశ్నలు అడగవచ్చన్నారు. హేమలత మైకు అందుకుని లేచింది.

"సార్, ఈ దక్షిణం మూల గుంపును అసలు ఫోటోల్లో మీరే చూశారా?"

సారు ముఖం ఒక్క క్షణం మాడింది. అంతలోనే నవ్వు అతికించుకున్నాడు.

"నేనేనమ్మా. ఒక్కొక్కటీ నా కళ్లతో చూశాను. ఫోటో చూడకుండా పటం గీసేవాణ్ణి శాస్త్రవేత్త అనరు, దొంగ అంటారు."

ముందు వరసలో పెద్దాయన మెచ్చుకోలుగా తలాడించాడు.

"చాలా సంతోషం సార్. మా అవ్వ కూడా ఏదో అడగాలంటోంది."

హాల్లో నవ్వులు. సారుకు హుషారు వచ్చింది. "అడుగవ్వా, భయపడొద్దు. కుజదోషం గురించి మాత్రం నన్నడక్కు!"

నవ్వులు రెట్టింపయ్యాయి. అవి తగ్గేదాకా అక్కమ్మ నింపాదిగా నిలబడింది. మనవరాలి చేతిలోని మైకు అందుకుంది. రెండో చేత్తో కొంగు పరిచి హాలంతటికీ కనబడేలా ఎత్తి పట్టుకుంది.

"ఏం లేదు సారూ, ఆ మూలన ఉండేది మా ఇంటి బుట్టా, ఇదో నా కొంగులో చూడు, దిష్టికని మేం వదిలేసే ఎనిమిదో రేకు గూడా అచ్చం ఇట్లే వదిలేసి ఉండాది, నీ కండ్లతో చూసినానంటివే, కుజుడి మింద దాన్ని ఎవురు నేసినారప్పా?"