ఎండ ఉండగా పోయిన కరెంటు

మేడ మీద సోలార్ ప్యానెళ్ళు పెట్టించిన నెలలోనే, మిట్టమధ్యాహ్నం వీధిలో కరెంటు పోయింది. దానితోపాటు నా ఫ్యానూ ఆగింది. ప్యానెళ్ళు బిగించిన శ్యాంబాబుని పిలిపించాను.

"ఏంటి బాబూ, సూర్యుడు కూడా సెలవు పెట్టాడా?"

"లైన్లో కరెంటు పోతే ఇదీ ఆగిపోద్దండి మామ్మగారూ. కావాలనే అలా చేస్తారండి."

"పైన అంత ఎండ పెట్టుకుని, కింద నన్ను ఉడకబెట్టడానికా అంత చదువు చదివింది?"

అతను గేటు బయట స్తంభం వైపు చూపించాడు. పైన లైన్‌మేన్ తెగిన తీగ కలుపుతున్నాడు.

"మన సోలార్ కరెంటు వీధి లైన్లోకీ వెళ్తుందండి. ఇది ఆగకపోతే, లైన్లో ఏం లేదనుకుని ఎక్కిన ఆయన పోతాడండి."

విసనకర్ర ఒళ్ళో పెట్టుకున్నాను.

"మరి జనరేటరో?"

"అది దానంతటది ఆగదండి. వేసేముందు ఇంటివాళ్ళే మెయిన్ స్విచ్ దించాలి, లేకపోతే దాని కరెంటూ లైన్లోకే పోద్ది. అదెవరు మర్చిపోతారండి?"

"పెళ్ళి హడావిడిలో మర్చిపోతారు" అన్నాను. "మా ఆయన స్తంభం మీద ఉన్న రోజు మర్చిపోయారు. భోజనాలు మాత్రం బాగా జరిగాయట."

శ్యాంబాబు మళ్ళీ స్తంభం వైపు చూశాడు. తర్వాత, విడిగా బ్యాటరీ పెడితే ఫ్యాను తిరుగుతుందని, లైన్లోకి ఏమీ పోదని చెప్పాడు.

"అది రేపు చూద్దాంలే. ముందు ఆ కుర్చీ తెచ్చి గుమ్మంలో వెయ్యి."

స్తంభం మీది మనిషి నేల మీద కాలు పెట్టేదాకా అక్కడే కూర్చున్నాను.