వాటం

“నాయనా, నీళ్లు అట్ల పోవు.”

కార్తి తాపీ ఆపి వెనక్కి తిరిగాడు.

స్నానాలగది గుమ్మం దగ్గర ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. నున్నగా గీసిన గడ్డం, ఉతికిన చొక్కా. రెండు చేతులూ సన్నగా వణుకుతున్నాయి.

“వాటం తప్పినావు. టైల్స్ పీకి మళ్లా వెయ్యి.”

కార్తికి ఒళ్లు మండింది. సొంతంగా ఒప్పుకున్న మొదటి పని ఇది.

“గాయత్రక్కా! ఈయన్ని అవతలికి పిల్చుకోని పో. పని జరగనియ్యడు.”

గాయత్రి వచ్చి పెద్దాయన చెయ్యి పట్టుకుంది.

ఆమె వేలూరులో ఒక సేవాసంస్థలో పనిచేస్తుంది. మనసుకు జబ్బు చేసి రోడ్ల మీద బతుకుతున్నవాళ్లకు వైద్యం చేయించి, కుదుటపడ్డాక ఉండటానికి ఇల్లు చూసి పెడుతుంది ఆ సంస్థ. గుడియాత్తంలోని ఈ ఇంట్లోకి శుక్రవారం ఐదుగురు రావాలి. వండుకోవడం, మాత్రలు వేసుకోవడం, చేతనైన పనికి పోవడం అంతా వాళ్లే. తోడుగా సంస్థ మనిషి ఒకడు ఉంటాడు.

“ఈయన గూడా వాళ్లలో ఒకడేనా?” గొంతు తగ్గించి అడిగాడు కార్తి.

“ఔనప్పా. మూడేండ్లు ఈ ఇంటి మెట్ల మీదనే పడుండినాడు. అప్పుడు ఇల్లు తాళమేసి ఉండె. యాడికి తీసకపోయినా మళ్లా ఈడికే వచ్చేస్తాడు. అందుకే ఈ ఇల్లే బాడుగకు అడిగినాం.”

“పేరేమి?”

“అడిగితే నవ్వతాడు. మేము పెరియసామి అంటాం.”

కార్తి మళ్లీ పనిలో పడ్డాడు. పిచ్చోడి దగ్గర వాటం నేర్చుకునే గతి తనకు పట్టలేదనుకున్నాడు.

గురువారం పొద్దున పక్కింటి లోగనాథన్ వచ్చాడు. లుంగీలు నేసే మనిషి.

“మేస్త్రీ, ఆ గోడకు ఆనుకోనే నా మగ్గం ఉండాది. ఒక్క చుక్క వచ్చిందో, ఇంటి ఓనరమ్మకు చెప్పి వీళ్లను ఖాళీ చేపిస్తా.”

“రాదన్నా. చూడు.”

కార్తి బకెట్‌తో నీళ్లు కుమ్మరించాడు.

నీళ్లు అతను పెట్టిన గొట్టం వైపు పోలేదు. నిదానంగా వెనక్కి తిరిగి గోడ మొదట్లో చేరాయి.

కాసేపటికి లోగనాథన్ ఇంట్లోంచి కేక.

“మగ్గం మీద పడుగు నూలంతా తడిసిపోతాంది! నేను అప్పుడే చెప్పలా? ఈ పిచ్చోళ్ల కొంప మాకొద్దు!”

వీధిలో జనం మూగారు. గాయత్రి ముఖం పాలిపోయింది. రేపు రావలసిన నలుగురు ఆసుపత్రిలో బట్టలు సర్దుకుని కూర్చున్నారు.

ఇంతలో పెద్దాయన గడ్డపార ఎత్తుకుని లోపలికి వచ్చాడు.

“పట్టుకోండప్పా, కొడతాడు!” లోగనాథన్ అరిచాడు.

కార్తి ఒక్క దూకుతో గడ్డపార లాక్కున్నాడు. పెద్దాయన పెనుగులాడలేదు. తూర్పు మూల చూపించాడు.

“ఈడ తవ్వు. మూరెడు లోతులో మట్టిగొట్టం ఉండాది. వీధి కాలవకు పోతాది.”

“నీకెట్ల తెలుసు?”

“తవ్వు నాయనా.”

వేరే దారి లేదు. కార్తి తవ్వాడు. సరిగ్గా మూరెడు దిగేసరికి గడ్డపార ఠంగుమంది.

మట్టిగొట్టం! లోపల ఇసుక తప్ప అడ్డేమీ లేదు. అది తీసి చెంబెడు నీళ్లు పోశాడు. లోగనాథనే వీధిలోకి పరుగెత్తి చూశాడు.

“కాలవలోకి వస్తాండాయి!”

కార్తి తలెత్తలేకపోయాడు.

“పెద్దాయనా, నిన్న నిన్ను కసురుకున్నా. మనసులో పెట్టుకోవద్దు. ఇప్పుడు ఎట్ల వెయ్యాలో చెప్పు.”

పెద్దాయన నేల మీదే కూర్చున్నాడు. వాటం చూసే దారం ఎక్కడ కట్టాలో చెప్పాడు. ఒక్కో టైలూ ఎంత దించాలో చెప్పాడు. పొద్దు వాలేసరికి పని ముగిసింది. ఈసారి పోసిన నీళ్లు చుక్క మిగలకుండా మూలకు జారిపోయాయి.

“ఇంత పని తెలిసి తాపీ ఎందుకు పట్టవు?”

“మాత్రలకు చేతులు అదురుతాయి. కన్ను బాగనే ఉండాది.”

“ఆ కన్ను చాలు నాకు. నా ఎంబడి పనికి వస్తావా?”

పెద్దాయన దుమ్ము దులుపుకుని లేచాడు.

“పొద్దున్నే మాత్ర వేసుకోవాల. వేసుకోని వస్తా.”

శుక్రవారం ఐదుగురూ కలిసి పాలు పొంగించారు. లోగనాథన్ పిలవకుండానే వచ్చాడు. తను నేసిన ఐదు లుంగీలు తెచ్చి, ఎవరికి ఇవ్వాలో తెలియక గడప మీద పెట్టాడు.

వేలూరు నుంచి ఇంటి ఓనరమ్మ రాజాంబాళ్ బస్సులో వచ్చింది. కార్తి ఎదురెళ్లి ఆమెను పెద్దాయన దగ్గరికి తీసుకొచ్చాడు.

“అమ్మా, ఈయన లేకుంటే నిన్న వీళ్లకు ఈ ఇల్లు పోయేది.”

రాజాంబాళ్ ఆ ముఖంలోకి చూస్తూ నిలబడిపోయింది.

“నువ్వు... వేలాయుధం మేస్త్రివి గదా?”

పెద్దాయన నవ్వాడు. ఈసారి తల ఊపాడు.

“మీకు తెలుసునా అమ్మా?” గాయత్రి ఆత్రంగా అడిగింది.

“తెలీకేమి? ఈ వీధిలో ఇంకో ఇల్లు లేనప్పుడు ఇది కట్టిన మనిషి.”

“అట్లనా! మీకోసం కట్టినాడా?” అన్నాడు కార్తి.

రాజాంబాళ్ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

“మాకు కాదు నాయనా, తను కాపరముండేదానికే కట్టుకున్నాడు. తల చెడి ఈయన యాడికో పోయినాక, వాళ్లన్న దీన్ని మాకు అమ్మినాడు.”