ఒక్కదానికే చెప్పిన మాట

పిచ్చుక టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చేసరికి, రోజూ తను కూర్చునే చోట ఎవరిదో స్కూల్ బ్యాగు కూర్చుని ఉంది.

"జరగండే" అంది నవ్వుతూ.

ఎవరూ జరగలేదు. నిచ్చెన తల ఎత్తనైనా లేదు. రింగులజుట్టు మాత్రం ఎత్తింది.

"ఆ సీటు బ్యాగుకిచ్చేశాం. దానికి మన మాటలు బయట మోసే అలవాటు లేదు."

మిగతావాళ్ళు కిసుక్కుమన్నారు.

తొమ్మిదో తరగతిలో అందరికీ పేర్లున్నాయి. హాజరుపట్టీ తప్ప వాటిని ఎవరూ వాడరు. గుక్క తిప్పుకోకుండా కబుర్లు చెబుతుంది కాబట్టి ఈ పిల్ల పిచ్చుక. ఫ్యాను రెక్కలు చేతికందుతాయేమో అన్నంత పొడుగు కాబట్టి ఆ పిల్ల నిచ్చెన. ఏడాదిగా ఇద్దరూ సూదీ దారంలా తిరుగుతున్నారు.

అంతకుముందు నిచ్చెన పక్క సీటు రింగులజుట్టుది. పిచ్చుక వచ్చాక ఆమె వెనక బెంచీకి మారాల్సి వచ్చింది. ముందు బెంచీలో ఆ ఇద్దరూ నవ్వుకున్నప్పుడల్లా వెనక ఈమె పెన్సిల్ చెక్కడం మొదలుపెట్టేది. చెక్కి చెక్కి, రాయడానికి ముక్క మిగిలేది కాదు.

ఆ మధ్యాహ్నం పిచ్చుక కుళాయిల దగ్గర నిలబడి నాలుగు మెతుకులు మింగింది. సాయంత్రానికి ఫోన్లో గ్రూపులోంచి ఆమెను తీసేశారు. మర్నాడు వార్షికోత్సవం డ్యాన్సు ప్రాక్టీసుకి వెళితే, "నువ్వు లేకుండానే వరస కుదిరింది" అన్నారు.

పిచ్చుక నిచ్చెనను మెట్ల దగ్గర పట్టుకుంది.

"నేనేం చేశానే? తిట్టు. కావాలంటే కొట్టు. ఇలా మాట్లాడకుండా మాత్రం ఉండకు."

నిచ్చెన కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"మా నాన్న ఓడలో పనిచేయట్లేదని, మమ్మల్ని వదిలేసి వెళ్ళిపోయాడని నీకొక్కదానికే చెప్పాను. మీ ఇంట్లో, నీ గదిలో తలుపేసుకుని చెప్పాను. ఇప్పుడు స్కూలంతా 'ఓడ ఎప్పుడొస్తుందే?' అని అడుగుతున్నారు."

"నేను చెప్పలేదే. అమ్మతోడు."

"మరి రింగులజుట్టుకి ఎలా తెలిసింది? నువ్వే అన్నావని ఒట్టేసి చెప్పింది."

"దాని ఒట్టు నమ్ముతావా? అది మనల్ని చూసి ఏడుస్తుందని నువ్వే కదా అనేదానివి!"

"ఏడ్చేవాళ్ళే నయం. నవ్వుతూ గొంతు కోసేవాళ్ళ కంటే" అని నిచ్చెన గబగబా మెట్లు దిగిపోయింది.

పిచ్చుక ఇంట్లో ఉండేది తల్లీకూతుళ్ళిద్దరే. అమ్మ ముందుగదిలో మిషన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది. డ్యాన్సు పిల్లల గౌన్లు కూడా ఆమెకే ఇచ్చారు.

ఒకప్పుడు పిచ్చుక బడి నుంచి వస్తే బూట్లైనా విప్పకుండా మిషన్ పక్కన కూలబడేది. టీచరు తుమ్మిన దగ్గర్నుంచి అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. ఈ ఏడాదిలో ఆ అలవాటు పోయింది. "ఎలా గడిచిందే?" అని అడిగితే "బాగానే." ఆ తర్వాత ఫోను, గది, తలుపు. నిచ్చెన ఎలా వేసుకుంటే ఈమెకీ అలాగే జడ పడాలి. అమ్మ కళ్ళు లాగేలా పూలు కుట్టిన పసుపు గౌను, నిచ్చెన "బాలేదు" అన్నదని ఒక్కసారైనా ఒంటిమీదకి రాలేదు. "ఈ వయసు పిల్లలంతే" అని అమ్మ అందరితో నవ్వేసేది.

ఆ సాయంత్రం పిచ్చుక గదిలోకి వెళ్ళలేదు. అమ్మ ఒళ్ళో తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. బ్యాగు దగ్గర్నుంచి మెట్ల దాకా జరిగిందంతా చెప్పింది.

"మీ స్నేహం చూసి ఎవరో కళ్ళల్లో నిప్పులు పోసుకున్నారే తల్లీ" అంది అమ్మ, ఆమె జుట్టు నిమురుతూ.

"ఎవరో కాదమ్మా, ఆ రింగులజుట్టే."

"పోనీ, నేనొచ్చి మీ టీచరుతో మాట్లాడనా?"

"వద్దమ్మా. ఇంకా నవ్వుతారు."

"సరే, వద్దులే. ఎవరు పోతే ఏం? నీకు నేను లేనూ?"

ఆ తర్వాత కూడా ఆ సీటు పిచ్చుకకి దక్కలేదు. ఆమె వస్తుంటే కబుర్లు ఆగిపోయేవి, వెళ్ళిపోగానే మళ్ళీ మొదలయ్యేవి. రెండుసార్లు క్షమించమని చీటీ రాసింది. చేయని తప్పుకి ఏమని రాయాలో తెలియక రెండూ చింపేసింది. క్లాసులో టీచరు పాఠం అడిగితే తప్ప ఆమె గొంతు ఎవరికీ వినిపించడం లేదు. పిచ్చుక అన్న పేరు కూడా మెల్లగా మరుగున పడింది.

మాటలన్నీ ఇంటికి మోసుకొచ్చేది. కూతురు చెబుతుంటే అమ్మ కుట్టడం ఆపి వినేది. వండుతూ వినేది, దుప్పట్లు మడతపెడుతూ వినేది. వార్షికోత్సవం నాడు ఇద్దరూ ఇంట్లోనే ఉండిపోయారు. స్కూలు మైకులోంచి డ్యాన్సు పాట లీలగా వినబడుతుంటే అమ్మ లేచి వెళ్ళి కిటికీ మూసేసింది.

"వేరే స్కూల్లో చేర్పించమ్మా" అంది పిచ్చుక. "అక్కడ ఎవరితోనూ స్నేహం చేయను. నాకింకెవ్వరూ వద్దు. నువ్వొక్కదానివి చాలు."

అమ్మ కూతుర్ని దగ్గరికి లాక్కుని ఊపిరాడనంతగా హత్తుకుంది.

తలుపుకి చెవి ఆనించి విన్న ఆ ఓడ సంగతిని, గౌను కొలతలివ్వడానికి వచ్చిన రింగులజుట్టు చెవిలో "నేనన్నానని అనకు, మా పిల్లే చెప్పింది" అంటూ ఊదిన రోజు నుంచీ అమ్మ ఎదురుచూస్తున్నది ఈ మాట కోసమే.